నాలుగు వందల ఆటలు విన్న సినిమా

ముందు మీరు చెప్పండి. సినిమాకి వెళ్లారు కదా, ఏం చూశారు? ఎవరో చెప్పగా విన్నది వద్దు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా వచ్చింది వద్దు. తెర మీద మీ రెండు కళ్లతో ఏం చూశారు? మీకు నచ్చిన ఆ గొప్ప మాట ఉంది చూశారూ, అది అన్నవాడి నోరు కదలడం మీరు చూశారా?

చూసి ఉంటే అదృష్టవంతులు. నేను చూడలేదు. చూడకుండానే నలభై ఏళ్లు ఒక మాట పట్టుకుని బతికాను. నేను బతికింది చాలక పదిమందికీ పంచాను. గోడ మీద కూడా రాయించాను. పోయిన నెల ఢిల్లీ ఆర్.కె. పురంలో ఒక ఆఫీసరుగారి ముందుగదిలో, చేతిలో పులిహోర గిన్నెతో నిలబడి ఉండగా నా పరువు ఎలా పోయిందో చెబుతాను. నవ్వుకోండి, వద్దనను. కానీ చివర్లో మిమ్మల్ని ఒకటి అడుగుతాను. దానికి మాత్రం దాచకుండా జవాబు చెప్పాలి.

నా పేరు సత్యవతి. ముఖర్జీ నగర్‌లో తెలుగు పిల్లలకి మెస్ నడుపుతున్నాను. కలెక్టర్లు అవుదామని వచ్చి, ఒక్కో గదిలో ముగ్గురేసి సర్దుకుని, లైబ్రరీల్లో కుర్చీలు అరగదీసే పిల్లలు వీళ్లు. అందరికీ నేను పిన్నినే. మావారు సూర్యనారాయణ గల్లా దగ్గర కూర్చుంటారు. ఆయన మాట్లాడరు. మా ఇద్దరి మాటలూ నేనే మాట్లాడతాను.

మెస్‌లోకి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద నీలం రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు కనిపిస్తాయి.

"నేను అడగను. వచ్చి కూర్చుంటాను. లేపేవాడుంటే రమ్మను."

సినిమా మాట. ఆ సినిమా పేరు ఇక్కడ చెప్పను. చూసినవాళ్లకి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది, వాళ్లు ఇప్పటికే నవ్వుతూ ఉంటారు.

ఈ మాట నాకెక్కడ దొరికిందంటే, నాకు పంతొమ్మిదేళ్లకి పెళ్లయింది. మావారు గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌన్లో, సినిమా హాలు సైకిల్ స్టాండులో పనిచేసేవారు. ఇల్లు అద్దెకి తీసుకునే స్తోమత లేదు. హాలు మేనేజరు దయతలచి, తెర ఉన్న గోడకి వెనకవైపు ఒక రేకుల షెడ్డు ఇచ్చాడు. అందులో కాపురం. హాల్లో స్పీకర్లు తెర వెనకే ఉంటాయి కదా, అంటే సినిమా మొత్తం నా తలగడ పక్కనే జరిగేది. నేను హాలు క్యాంటీనుకి మిరపకాయ బజ్జీలు వేసి ఇచ్చేదాన్ని. ఆట మొదలవగానే పిండి కలపడం, ఇంటర్వెల్‌కి వేడిగా అందించడం, ఆట వదిలేలోపు మూకుడు తోమడం. మళ్లీ ఇంకో ఆట. రోజుకి నాలుగు ఆటలు, ఆ సినిమా వంద రోజులు ఆడింది.

వెళ్లి చూడొచ్చు కదా అంటారు. చూడొచ్చు. మేనేజరు వద్దనేవాడు కాదు. నేను లోపల కూర్చుంటే బజ్జీలు ఎవరు వేస్తారు? రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ ఉండగానే వందో రోజు దండలు వేశారు, నూటొకటో రోజు రీళ్ల పెట్టెలు లారీ ఎక్కాయి. అప్పటికే నాకు సినిమా మొత్తం కంఠస్థం. కంఠస్థమైపోయినదాన్ని మళ్లీ చూడడం ఎందుకు అనుకున్నాను.

ఆ సినిమాలో మగగొంతులు రెండే ముఖ్యం. ఒకటి సన్నగా, తొందర తొందరగా మాట్లాడే గొంతు. రెండోది బరువుగా, నెమ్మదిగా, నూతిలోంచి వచ్చినట్టు ఉండే గొంతు. పాటలు పాడింది బరువు గొంతు. కాబట్టి బరువు గొంతువాడే హీరో అని తేల్చేశాను. సన్నగొంతువాడు హీరో పక్కన ఉండే హాస్యగాడు అనుకున్నాను. పాటలకి వేరే మనిషి గొంతు పెడతారని నాకప్పటికి తెలియదు. మా పుట్టింటి ఊళ్లో సినిమా హాలే లేదు.

ఆ బరువు గొంతు ఒక చోట అంటుంది, "నేను అడగను. వచ్చి కూర్చుంటాను. లేపేవాడుంటే రమ్మను." అంతే. హాలు కప్పు లేచిపోయేది. ఈలలు, చప్పట్లు, చిల్లర విసిరిన చప్పుడు. వెంటనే ఫైటింగు. నాలుగు వందల ఆటల్లో ఒక్కసారి కూడా ఆ ఈల తప్పలేదు. మూకుడు ముందు కూర్చుని నేను కూడా గరిటెతో నేల మీద ఒక దెబ్బ వేసేదాన్ని.

ఇంకో మాట కూడా అందులోంచే నేర్చుకున్నాను. ఒక ఆడమనిషి చాలా మెత్తగా అంటుంది, "ముందు తిను. తర్వాత మాట్లాడుకుందాం." ఆ మాట అన్నాక హాల్లో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. కాసేపటికి కంచం ఖంగున కిందపడిన చప్పుడు, ఆ వెనకే హాల్లో ఆడవాళ్ల ఏడుపు. ఎన్నాళ్లకో ఇంటికొచ్చిన కొడుక్కి తల్లి అన్నం పెడుతోంది, వాడు తట్టుకోలేక కంచం జారవిడిచాడు అని నేను కళ్లు తుడుచుకునేదాన్ని. ఇప్పటికీ ఏ పిల్లో పిల్లాడో ప్రిలిమ్స్ పోయి ముఖం వేలాడేసుకుని మెస్‌కి వస్తే, ముందు ఈ మాట అని కంచం పెడతాను. తిన్నాక గోడ మీది మాట చూపిస్తాను. ప్రిలిమ్స్ పోయినవాళ్లకీ, మెయిన్స్ పోయినవాళ్లకీ, ప్రేమ పోయినవాళ్లకీ నా దగ్గర ఈ రెండే మందులు.

తర్వాత కొన్నేళ్లకి మావారికి ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు పని ఉందంటే ఢిల్లీ వచ్చాం. ఆ పని ఏడాది తిరక్కుండానే పోయింది. హిందీ రాదు, తిరిగి వెళ్దామంటే అక్కడా ఏమీ లేదు. ఒకరోజు పొద్దున్నే ఇడ్లీ పాత్ర నెత్తిన పెట్టుకుని, పీట చంకలో పెట్టుకుని, కోచింగ్ సెంటర్ల వీధిలో రోడ్డు పక్కన కూర్చున్నాను. గుమ్మం దాటేటప్పుడు ఆ మాట పైకే అనుకున్నాను. నాలుగో రోజు ఒక కానిస్టేబుల్ వచ్చాడు. లాఠీతో పాత్ర మీద టంగుమని కొట్టి "ఉఠో, ఉఠో" అన్నాడు. నేను లేవలేదు. పీట మీద సర్దుకుని కూర్చుని, అతని కళ్లలోకి చూసి మొత్తం మాట అప్పజెప్పాను, తెలుగులో.

"క్యా బోల్ రహీ హై?" అని అక్కడ ఇడ్లీ తింటున్న మన తెలుగు కుర్రాణ్ని అడిగాడు. ఆ కుర్రాడు హిందీలో ఏదో చెప్పాడు. కానిస్టేబుల్ నన్ను ఒకసారి చూసి "ఠీక్ హై, ఠీక్ హై" అని వెళ్లిపోయాడు. చూశారా మాటకున్న బలం అని ఇరవై ఏళ్లు పిల్లలందరికీ చెప్పుకున్నాను. ఆ కుర్రాడు పెద్ద ఉద్యోగంలో చేరాక ఒకసారి మెస్‌కి వచ్చి అసలు సంగతి బయటపెట్టాడు. "పిన్నీ, ఆవిడ మీకు దండం పెడుతోంది, పిల్లలు గలది, దయచేసి కూర్చోనివ్వమంటోంది అని చెప్పానప్పుడు" అన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

ఇప్పుడు హారిక సంగతి. అనకాపల్లి పిల్ల. తండ్రి లారీల మెకానిక్కు. పొట్టిగా, గట్టిగా ఉంటుంది, పెరుగన్నంలో కూడా పచ్చిమిరపకాయ కొరుక్కుంటుంది. రెండుసార్లు ప్రిలిమ్స్‌లోనే పోయింది, ఒకసారి మెయిన్స్‌లో పోయింది. ఈసారి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఇదే ఆఖరు అని ఇంట్లో చెప్పేశారు. ఇది పోతే అనకాపల్లి వెళ్లి, వాళ్లు చూపించిన స్కూల్లో పాఠాలు చెప్పుకోవాలి. ఇంటర్వ్యూ ఫారంలో హాబీ అని ఒక గడి ఉంటుందట. అందరూ పుస్తకాలు చదవడం, యోగా అని రాస్తారట. ఈ పిల్ల ఊరుకోకుండా "తెలుగు సినిమా సంభాషణలు సేకరించడం" అని రాసింది. మీకు స్ఫూర్తినిచ్చిన మాట ఒకటి చెప్పండి అని బోర్డువాళ్లు తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు నా గోడ మీద ఉంది.

"పిన్నీ, మీ మాటే చెబుతాను. మీ ఇడ్లీ కథ కూడా చెబుతాను" అంది.

"కానిస్టేబుల్ దగ్గర మాత్రం కొంచెం తగ్గించి చెప్పు" అన్నాను.

ఆర్.కె. పురంలో ప్రభుత్వ క్వార్టర్స్‌లో విశ్వనాథం గారని మనవాళ్ల ఆఫీసరు ఉన్నారు. వచ్చే ఏడాది రిటైరవుతారు. ఏటా ఇంటర్వ్యూకి వెళ్లే తెలుగు పిల్లల్ని ఆదివారం ఇంటికి పిలిచి, ఇద్దరు స్నేహితుల్ని పక్కన కూర్చోబెట్టుకుని, నిజం ఇంటర్వ్యూలాగే ప్రశ్నలడిగి సాధన చేయిస్తారు. పుణ్యాత్ముడు. ఆ రోజు భోజనాలకి పులిహోర, గారెలు నన్ను పట్టుకురమ్మన్నారు. హారికతో పాటే మెట్రో ఎక్కాను. దారి పొడుగునా పిల్ల పెదాలు కదుపుతూనే ఉంది. చీర కుచ్చిళ్లు సరిచేసుకోవడం, మాట అప్పజెప్పుకోవడం. నాకైతే నేనే ఇంటర్వ్యూకి వెళ్తున్నట్టు ఉంది.

ఆ క్వార్టర్స్‌లో వంటగదికీ ముందుగదికీ మధ్య ఒకటే గోడ. నేనూ, విశ్వనాథం గారి భార్య లలిత గారూ వంటగదిలో గారెలు సర్దుతున్నాం. అవతల ఇంటర్వ్యూ జరుగుతోంది. ఎప్పటిలాగే నేను గోడ ఇవతలే. ఇంగ్లీషు ప్రశ్నలు నాకు అర్థం కాలేదు, గొంతులు మాత్రం వినబడుతున్నాయి. పిల్ల గట్టిగానే చెబుతోంది. "ఇన్‌స్పిరేషన్" అన్న ముక్క చెవిన పడింది. నేను గారె పళ్లెం కింద పెట్టేశాను.

హారిక తెలుగులో అంది, "నేను అడగను. వచ్చి కూర్చుంటాను. లేపేవాడుంటే రమ్మను."

వెంటనే నవ్వులు. బల్ల మీద దెబ్బలు. ఎవరో "అబ్బ, అబ్బ" అంటున్నారు. అచ్చం ఆ రోజుల్లో హాల్లోలాగే.

"విన్నారా లలిత గారూ? ఆ మాట పడితే అలాగే ఉంటుంది" అన్నాను.

"ఏమోనండి, మరీ నవ్వుతున్నారు" అన్నారావిడ.

"ఆనందం పట్టలేక."

ఆగొచ్చు కదా నేను? ఇంటర్వ్యూ అవనివ్వచ్చు కదా? ఆగలేదు. నలభై ఏళ్లు గోడ ఇవతలే ఉండి చప్పట్లు విన్నదాన్ని, ఈ ఒక్కసారి అవతలికి వెళ్లాలనిపించింది. పులిహోర గిన్నె రెండు చేతులా పట్టుకుని సరాసరి ముందుగదిలోకి నడిచాను.

"ఆ మాట ఈ పిల్లకి నేర్పింది నేనేనండీ" అన్నాను, గుమ్మంలోనే నిలబడి. "ఆ మాట మీదే నా బతుకంతా నడిచింది."

నవ్వులు ఠక్కున ఆగాయి. తర్వాత రెట్టింపయ్యాయి. విశ్వనాథం గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నారు. నేనూ నవ్వాను. అప్పుడు హారిక ముఖం చూశాను. పిల్ల చెవుల దాకా ఎర్రబడిపోయి, ఒళ్లో చేతులు పెట్టుకుని, నేలకేసి చూస్తోంది.

"సత్యవతి గారూ, ఆ మాట ఎవరిదనుకుంటున్నారు?" అన్నారు విశ్వనాథం గారు.

"ఎవరిదేంటండీ, హీరోది."

"మీరు ఆ సినిమా చూశారా?"

"నాలుగు వందల ఆటలు."

"చూశారా?"

నేను గిన్నె బరువు మార్చుకున్నాను. "విన్నాను" అన్నాను.

ఆయన ఆ సినిమా ఇంటర్మీడియెట్ క్లాసులు ఎగ్గొట్టి మరీ ఏడుసార్లు చూశారట. ఇంకేం మాట్లాడకుండా ఫోన్లో ఆ సీను వెతికి ఎదురుగా ఉన్న టీవీలో పెట్టారు.

చూశాను. మొదటిసారి నా రెండు కళ్లతో చూశాను. ఒక విధవరాలి గుడిసె. వాకిట్లో పొయ్యి మీది గంజి గిన్నె తన్నేసి ఉంది. గంజి మట్టిలో పారుతోంది. ఆవిడ మంచం మీద ఒక లావుపాటి మనిషి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పట్టు లాల్చీ, నోట్లో కిళ్లీ, ముందు పంటికి బంగారు తొడుగు. ఆవిడ "ఇది మా స్థలం బాబూ" అని కాళ్ల మీద పడుతోంది. ఇన్నాళ్లూ అది హీరోకి మొర పెట్టుకోవడమే అనుకున్నాను. వాడు కిళ్లీ ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చి, నా బరువు గొంతుతో, నా మాట అన్నాడు.

"లేపేవాడుంటే రమ్మను" అనగానే తలుపు బద్దలైంది. హీరో వచ్చాడు. సన్నగొంతుతో ఏదో అని, వీణ్ని మంచంతో సహా లేపి అవతల పారేశాడు.

ఈలలు పడింది అక్కడండీ. మాటకి కాదు, లేపినందుకు.

ఆ లావుపాటివాడి పక్షాన నలభై ఏళ్లు ఉన్నాను నేను. నిజానికి ఆ సీన్లో నేనెవరినయ్యా అంటే, గంజి గిన్నె పోగొట్టుకున్న ఆవిణ్ని. పాత్రా నాదే, వాకిలీ నాదే, మాట మాత్రం వాడిది తీసుకున్నాను.

"కలెక్టరు ఉద్యోగానికి వెళ్లి స్థలాల కబ్జాదారు మాట చెబితే ఎలాగమ్మా?" అన్నాడు విశ్వనాథం గారి స్నేహితుడు నవ్వుతూనే. చెడ్డమనిషి కాదు, మనసులో ఏమీ పెట్టుకోకుండానే అన్నాడు. "పులిహోర వడ్డించేదా?" అన్నారు లలిత గారు నా వెనక నుంచి. అందరూ బాగా తిన్నారు. హారిక తినలేదు.

తిరుగు మెట్రోలో మేం దిగే స్టేషను దగ్గర పడుతుండగా పిల్ల అంది, "నాలుగు నెలలు ఆ జవాబే తయారు చేసుకున్నాను పిన్నీ. హాబీ ఫారంలో ఉంది, మార్చడానికి లేదు. గురువారం ఇంటర్వ్యూ. ఇప్పుడు ఆ మాట అనుకుంటే చాలు, నాకు ఆ బంగారు పన్ను కనబడుతోంది."

నాకూ అదే కనబడుతోంది.

సోమవారం పిల్ల మెస్‌కి రాలేదు. మంగళవారం పొద్దున కూడా రాలేదు. నేను పప్పులో రాళ్లు ఏరుతూ కూర్చుని, ఆ కోపమంతా మావారి మీదకి తిప్పాను.

"ఏమండీ, మీరు ఆ సినిమా చూశారా?"

"చూశాను. మొదటి రోజు మొదటి ఆట. స్టాఫ్‌ని కూర్చోబెట్టాడు మేనేజరు."

నా చేతిలో చేట ఆగిపోయింది. "అంటే ఆ మాట ఎవరిదో మీకు..."

"తెలుసు."

"నలభై ఏళ్లుగా తెలుసా?"

"ఆఁ."

"మరి చెప్పరేం? నోట్లో ఏం పెట్టుకున్నారు?"

ఆయన గల్లా సొరుగు మూశారు. ఆయన జీవితంలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడడం నేను చూడలేదు. "నువ్వు ఇడ్లీ పాత్ర నెత్తిన పెట్టుకుని గుమ్మం దాటుతూ ఆ మాట అనుకున్నావు సత్యా. నేను పని పోయి మంచానికి అడ్డంపడి ఉన్నాను. అప్పుడు నీ వెనకాల నిలబడి, అది విలన్ మాటే అని చెప్పమంటావా?"

చేట మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాను. అయినా ఊరుకుంటానా? "తర్వాతైనా చెప్పొచ్చు కదా" అన్నాను.

"తర్వాత నువ్వు గోడ మీద రాయించేశావు."

నేను లేచి క్యారియర్‌లో అన్నం, ముద్దపప్పు, ఆవకాయ, పెరుగు సర్దుకుని హారిక ఉండే పీజీ హాస్టలుకి వెళ్లాను. కింద గేటు దగ్గర కూర్చునే దీదీ "ఆంటీ, లడ్కీ కల్ సే నీచే నహీ ఆయీ" అంది, పిల్ల నిన్నటి నుంచి కిందకే దిగలేదని. మూడు అంతస్తులు ఎక్కేసరికి నా మోకాళ్లు నన్ను తిట్టాయి. గదిలో పిల్ల పుస్తకాల మధ్య కూర్చుని ఉంది. ముఖం ఉబ్బి ఉంది.

"ఏం తినను పిన్నీ. ఆకలి లేదు."

"ముందు తిను. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.

తింది. మొదట కెలికింది, తర్వాత తింది. పచ్చిమిరపకాయ తేలేదేం అని కూడా అడిగింది. అప్పుడు ప్రాణం కుదుటపడి, మా ఆయన అన్నది మొత్తం చెప్పాను. పిల్ల ముద్ద చేతిలోనే పట్టుకుని విని, "బాబాయిగారు నిజంగా ఇన్ని మాటలు మాట్లాడారా?" అంది.

"మాట్లాడారు. నేనూ నమ్మలేదు. విను. ఆ లావుపాటివాడు ఒకావిణ్ని గెంటేసి ఆవిడ మంచం మీద కూర్చున్నాడు. నేను ఎవర్నీ గెంటలేదు. నా పీట నేను తెచ్చుకుని కూర్చున్నాను. మాట ఒకటే అయితే అవనీ. వాడికి ఇంకొకరి మంచం కావాల్సి వచ్చింది, నాకు నా పీట చాలింది. అంతకన్నా నాకు చెప్పడం రాదు. నువ్వు చదువుకున్నదానివి, చూసుకో."

"బోర్డు ముందు ఇదంతా చెబితే నవ్వుతారు పిన్నీ."

"నవ్వనీ. నన్ను చూసి నవ్వుతారు, నిన్ను చూసి కాదు. నాకిప్పుడు అలవాటైపోయింది."

గురువారం మధ్యాహ్నం దాకా నేను మెస్‌లో కాలు నిలపలేదు. సాంబారులో ఉప్పు రెండుసార్లు వేశాను. పిల్లలు ఏమీ అనకుండా తిన్నారు. మూడు గంటలకి హారిక వచ్చింది, ఇంటర్వ్యూ చీరతోనే. సరాసరి వంటగదిలోకి వచ్చి గ్యాస్ బండ మీద కూర్చుంది.

"హాబీ అడిగారు పిన్నీ. మాట చెప్పాను. అది విలన్ మాట అని కూడా నేనే చెప్పాను. మీరు తెర వెనక ఉండి విన్నది, బజ్జీలు, ఇడ్లీ పాత్ర, అన్నీ చెప్పాను."

"కానిస్టేబుల్?"

"అదీ చెప్పాను. ఆ కుర్రాడు ఎలా తర్జుమా చేశాడో కూడా."

"తగ్గించి చెప్పమన్నానా లేదా?"

"మధ్యలో కూర్చున్నాయన అడిగారు. రేపు నువ్వు కలెక్టరువై, రోడ్డు వెడల్పు చేయాల్సి వచ్చి, అక్కడ మీ ఆంటీ పీట వేసుకుని కూర్చుని ఉంటే లేపుతావా అని."

"ఏం చెప్పావు?"

"లేపుతాను సర్, కానీ ముందు ఎక్కడ కూర్చోవాలో చూపించి లేపుతాను అన్నాను. మా ఆంటీ మాత్రం అంత తేలిగ్గా లేవరు, నన్ను తెలుగులో తిడతారు, నాకు తర్జుమా అక్కర్లేదు అన్నాను. ఆయన నవ్వారు."

"ఎలా నవ్వారు?"

"అదే తెలియలేదు పిన్నీ. ఎదురుగా కూర్చుని చూసినా తెలియలేదు."

మొన్న ఫలితాలు వచ్చాయి. హారిక పేరు ఉంది. కలెక్టరు కాదు, ర్యాంకు అంత పైన లేదు. రైల్వేలో ఏదో పెద్ద సర్వీసు వస్తుందట. వాళ్ల నాన్న ఫోన్లో ఏడ్చాడు, లారీ కింద పడుకుని ఉండగా విన్నాడట ఆ కబురు. నేనూ ఏడ్చాను. మావారు గల్లా మూసేసి పిల్లలందరికీ జిలేబీ తెప్పించారు, నన్ను అడక్కుండా.

గోడ మీది మాట తుడిపించేద్దామని పెయింటరుని పిలిచాను. పిల్లలు అడ్డం నిలబడ్డారు. తుడవనివ్వలేదు సరికదా, మర్నాటికి ఆ మాట కింద ఒక నోరు, అందులో పసుపు రంగుతో ఒక పన్ను గీసి పెట్టారు. దాని పక్కన ఒక పీట కూడా గీశారు. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలు ఆ పన్ను ఏంటని అడుగుతున్నారు. రోజుకి రెండుసార్లు నా పరువు నేనే తీసుకుంటున్నాను.

అంతటితో ఆగలేదు. ఉద్యోగం వచ్చిన సంబరానికి హారిక ఈ ఆదివారం మెస్‌లో ఆ సినిమా మొత్తం వేయిస్తోంది. ప్రొజెక్టరు అద్దెకి మాట్లాడారు. విశ్వనాథం గారు, లలిత గారు కూడా వస్తున్నారు. నాకు ముందు వరసలో కుర్చీ అట. ఆ రోజు నేను వంటగదిలోకి వెళ్లకూడదట, బజ్జీలు వాళ్లే వేస్తారట. మొదటి ఆట నుంచి నలభై ఏళ్లు వాయిదా వేసిన సినిమా, ఇంక తప్పదు.

సంతోషించాల్సిందే. కానీ నిన్న అన్నం వారుస్తూ ఉండగా ఒక్కసారి చెయ్యి ఆగిపోయింది. ఆ రెండో మాట గుర్తొచ్చింది. "ముందు తిను. తర్వాత మాట్లాడుకుందాం." అంత మెత్తని ఆడగొంతు. హాలంతా ఊపిరి బిగబట్టడం. కంచం ఖంగున కిందపడడం. ఆ వెనక ఏడుపులు. అన్నం తినేవాడి చేతిలోంచి కంచం ఎందుకు పడుతుందండీ? కన్నతల్లి అన్నం పెడితే అంతమంది ఏడవడమెందుకు?

ఇప్పటిదాకా ఆ మాట అని నేను ఎంతమంది పిల్లలకి అన్నం పెట్టానో నాకే తెలియదు.

మావారిని అడిగాను. ఆయన నాకేసి చూసి, మీసాల్లో నవ్వుకుని, "ఆదివారం చూద్దువుగా" అని గల్లా వైపు తిరిగిపోయారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ సినిమా మీ కళ్లతో చూసినవాళ్లు ఒక్కరైనా ఉంటే, ఆదివారం లోపల దాచకుండా చెప్పండి. ఆవిడ ఆ అన్నంలో ఏమైనా కలిపిందా?